విశాఖపట్టణపు పాతనగర బజారు
(వార్షిక మహాసభ రెండవ దినమున చేసిన యుపన్యాసము)



"వర్తకము, దాని నేటి స్థితి" యను విషయమును గూర్చి మాటలాడుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. విషయము మిక్కిలి పెద్దది. మా యెఱుక మిక్కిలి చిన్నది. దేశవర్తకమును గూర్చి చెప్పుటకు పండితులు గలరు. మేము డెబ్బదియేండ్లకు పైగా ఒకే వీథిని చూచుచున్నవారము. కావున ఆ వీథిని గూర్చియే చెప్పుదుము. అదియు నూరక చెప్పుట గాదు. విశాఖపట్టణపు పాతనగరమున మన సంఘమునకు గల సత్రమును విక్రయించి, ఆ సొమ్ముతో క్రొత్తనగరమున కల్యాణమండపము కట్టవలెనను తీర్మానము రేపటి సభకు రానున్నది. ఆ సత్రము ఈ బజారు ప్రక్క సందులోనిదే. బజారు చరిత్ర తెలియక సత్రమునకు వెల కట్టుట కష్టమని మా యభిప్రాయము. మీలో కొందఱు ఈ ముక్క వినగానే "ముసలివాడు అడ్డుపుల్ల వేయ వచ్చినాడు" అని నవ్వుకొనుచున్నారు. నవ్వుడు; కాని చివరవఱకు వినుడు.

విశాఖకు క్రొత్తగా వచ్చినవారిలో పలువురు ఈ బజారును చూచియే యుండరు. వారు రైలు దిగి ద్వారకానగరమునకో, సాయంకాలము రామకృష్ణా బీచికో పోవుదురు. మేము చెప్పు వీథి జగదాంబ కూడలినుండి బయలుదేరి, పూర్ణా మార్కెటు, కురుపాం మార్కెటు మీదుగా పాత పోస్టాఫీసు వైపు సాగును. ప్రభుత్వపు కాగితములలో దానిపేరు మెయిన్ రోడ్డు. ఆ ప్రాంతమంతయు జనుల నోట వన్ టౌను. 1904 నాటి విక్టోరియా మండపమును, టౌన్ హాలును, కోటవీథియు, జగన్నాథస్వామి కోవెలయు అచ్చటనే యున్నవి. వీథి చివరకు పోయిన, హార్బరు ముఖద్వారమును, దాని కావల యారాడ కొండయు కనబడును. ఈవలి మూడు చిన్నకొండలపై వేంకటేశ్వరుని గుడి యొకటి, దర్గా యొకటి, మేరీమాత దేవళ మొకటి, పొరుగిండ్లవలె నిలిచియున్నవి. సముద్ర మంత దగ్గర యగుటచేత ఉప్పుగాలి మా దుకాణపు ఇనుప తలుపులను తినివేయును. తలుపునకు రంగు వేయని యేడు మా తండ్రిగారి లెక్కలలో ఒక్కటియు లేదు.

ఇప్పుడు ఒక విచిత్రమును మనవి చేయుదుము. పూర్వము ఊరనగా ఇదియే. వాల్తేరు దీనికొక శివారుపేట. ఇంగ్లీషు కంపెనీవారు పదునేడవ శతాబ్దపు చివర ఇచ్చట గిడ్డంగి పెట్టినది మొదలు కచేరీలు, కోట, వర్తకము అన్నియు నీ పాతనగరముననే యుండెను. ఇచ్చటి పనివారు దంతము, కొమ్ము, తాబేటిచిప్ప మొదలగువానితో పొదిగి చేసిన పెట్టెలు ఓడలమీద సీమకు పోయి, నేటికిని అచ్చటి ప్రదర్శనశాలలలో నున్నవి. రేవు లేదు. ఓడలు లోతునీటిలో లంగరు దింపి నిలిచియుండ, మసులా పడవలలో సరకు ఒడ్డునకు చేరుచుండెను. దొరలును, జమీందారులును గాలికొఱకు వాల్తేరు మెట్టలపై బంగళాలు కట్టుకొనిరి. అచ్చట ఇసుక, గాలి, సముద్రపు హోరు తప్ప వేఱేమియు లేకుండెను. ఉప్పు కావలసినను, ఒక సూది కావలసినను నౌకరు బజారునకు రావలసినదే. నేడు ఆ శివారుపేట, 2011 జనాభాలెక్కల నాటికే పదునేడు లక్షల జనముగల మహానగరమునకు నడుబొడ్డయినది. పాత ఊరు దాని కొక మూలనున్న సముద్రతీరపు పేటయైనది. బజారు జానెడైనను జరుగలేదు. ఊరే దానిని విడిచి ఉత్తరముగా నడచిపోయెను. ఈ యొక్క సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు తేటపడును.

నడక మొదలైనది రైలుతో. 1893 ప్రాంతమున తూర్పుతీరపు రైలుమార్గము వచ్చినప్పుడు స్టేషను పాతనగరమునకు దూరముగా పెట్టబడెను. దాని పేరును వాల్తేరే. 1987లో గాని దానికి విశాఖపట్టణమను పేరు రాలేదు. ఊరి స్టేషనునకు శివారు పేరు పెట్టినప్పుడే మన పెద్దలు గ్రహింపవలసినది. గ్రహింపలేదు. గ్రహింప నవసరమును లేకపోయెను. ఏలనన రైలు దిగినవాడు జట్కా యెక్కి మన బజారునకే వచ్చుచుండెను. 1923లో వైద్యకళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు వచ్చెను. 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడనుండి వాల్తేరు మెట్టలమీదికి తరలి వచ్చెను. ఇవి యన్నియు ఉత్తరపు దిక్కుగా వేసిన అడుగులే.

అయినను అదే కాలమున దక్షిణపు దిక్కున ఇంకొక గొప్ప పని జరిగెను. ఉప్పుటేటి బురదను త్రవ్వి హార్బరు కట్టిరి. 1931లో రాయపూరునుండి విజయనగరమునకు రైలుదారి పూర్తియై మధ్యపరగణాల సరకునకు సముద్రము దగ్గరయ్యెను. 1933 డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు హార్బరును తెరచెను. అలల పోటును ఆపుటకై జానస్, వెల్లెడ్సన్ అను రెండు పాతయోడలను రాళ్ళతో నింపి ముఖద్వారము చెంత ముంచిరని మా తాతగారు చెప్పుచుండెడివారు; ఆ మాట నిజమే. ముంచిన యోడలపై తన బజారు నిలిచినదని ఆయన వేళాకోళము. హార్బరు వచ్చిన తరువాత కొలది యేండ్లలోనే మన సత్రమును కట్టిరి. కట్టిన దాతలలో నలుగురు ఈ బజారు వర్తకులే. 1901లో సుమారు నలువదివేల జనముతో నున్న యూరు 1951 నాటికి లక్ష దాటెను.

ఆ నడుమ వచ్చిన ఆపదను చెప్పక విడువరాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపై బాంబులు వేసెను. పడినవి కొన్నియే, పడినది హార్బరు ప్రాంతముననే. కాని బజారు ఒక్కరాత్రిలో శూన్యమయ్యెను. బండి దొరకినవారు బండిమీద, దొరకనివారు కాలినడకను పల్లెలు పట్టిరి. మా తాతగారిది పాత్రల దుకాణము. ఆయన ఇత్తడిని, కంచును విడిచి, ఖాతాపుస్తకములను మాత్రము గోనెసంచిలో కట్టుకొని చోడవరము వైపు బంధువుల యింటికి పోయెను. "పాత్రలు దొంగలెత్తుకొని పోయిన మరల కొనవచ్చును, ఎవ రెంత ఇయ్యవలెనో మఱచిన కొనలేము" అని మా నాయనమ్మతో ననెనట. నెలలు గడచి మరల తలుపు తెరచిన దినమున, పిలువకయే బాకీదారులు వచ్చిరట. ఒక జాలరి స్త్రీ మూడు రూపాయలు తెచ్చి, "మీరు బ్రతికి వచ్చిరా బాబూ! ఈ బాకీతో మేము చచ్చిపోవుదుమేమో యని భయపడితిని" అన్నదట. ఈ కథ మాయింట ఎన్నిమారులు చెప్పుకొన్నామో లెక్కలేదు. తాతగారిని మెచ్చుకొనుటకు గాదు, ఆమెను మెచ్చుకొనుటకు.

మేము పుట్టిన 1948వ సంవత్సరముననే, మార్చి నెలలో, సింధియా నౌకాశాలలో కట్టిన "జల ఉష" యను ఓడను నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. మా బాల్యము ఈ బజారునకు మహోన్నతదశ. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చెను. నౌకాశాలవారికి, హార్బరువారికి, రైల్వేవారికి జీతములు ముట్టిన వారములో మా వీథిలో నడచుటకు సందు లేకుండెను. ఒక కుటుంబము సాయంకాలము వచ్చెనేని మొదట బట్టల దుకాణము, పిదప మా పాత్రల దుకాణము, పిదప కురుపాం మార్కెటున బంగారపు దుకాణము, చివర మిఠాయి. వీథి పైకప్పులన్నియు ఇండ్లే. క్రింద దుకాణము, మీద కాపురము. రాత్రి తొమ్మిదింటికి తలుపులు వేసినను కిటికీలలో దీపములు వెలుగుచుండెను. పిల్లలు వీథిదీపము క్రింద చదువుకొని ప్రొద్దున ఏ.వి.యన్. కళాశాలకు పోవుచుండిరి. చంద్రశేఖర వేంకటరామన్‌గారు చదివినదియు, శ్రీశ్రీగారు చదివినదియు ఆ కళాశాలయే.

మా దుకాణమున పెండ్లిసారె కొన్న ప్రతివారికి పాత్రలపై పేర్లు చెక్కి యిచ్చుట ఆచారము. బుడితి పనివారు చేసిన ఇత్తడి బిందెలు, కంచు పళ్లెములు శ్రీకాకుళపు దిక్కునుండి బండ్లమీద వచ్చుచుండెను. చెక్కువాడు అరుగుపై గూర్చుండి చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా పెండ్లికూతురి పేరు, తండ్రి పేరు, తేదీ చెక్కును. పేరు తప్పు చెక్కిన పాత్ర మాదే. దానిని మరల అమ్మరాదని తండ్రిగారి నియమము. అట్టి తప్పుపేర్ల పాత్రలతోనే మా యింటి వంట సాగినది. మా యింట అన్నము వండిన గిన్నెపై నెవరో యెఱుగని కన్య పేరు నేటికిని యున్నది.

బంగారపు వీథికి వచ్చిన కష్టమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలయును. 1963 జనవరిలో స్వర్ణనియంత్రణ యుత్తరువు వెడలినది. చైనాయుద్ధము వెంటనే దేశమునకు విదేశద్రవ్యము కొఱవడినందున, పదునాలుగు కారట్లకు మించిన మేలిమితో క్రొత్తనగలు చేయరాదని ప్రభుత్వము శాసించెను. ఇరువదిరెండు కారట్ల నగకు అలవాటుపడిన మన స్త్రీలు పదునాలుగు కారట్ల బంగారమును బంగారముగా నెంచలేదు. గిరాకి నిలిచిపోయెను. వర్తకునికి నష్టమే, కాని పనివాని కది ప్రాణాంతకమయ్యెను. పగలంతయు కుంపటి నూదుచు కూర్చుండు స్వర్ణకారులు కుంపటి చల్లార్చి, కొందఱు హార్బరున కూలికి పోయిరి, కొందఱు గడియారములు బాగుచేయ నేర్చిరి. మా దుకాణమునకు ఎదుటి సందులో నున్న పెద్దపనివాడొకడు తన పట్టుకార్లు, మూసలు తెచ్చి మా తండ్రిగారికి తూకమున కమ్మ జూపెను. తండ్రిగారు కొనలేదు. సొమ్మిచ్చి, "నీ వస్తువులు నీయొద్దనే యుండనిమ్ము, నిబంధన యెంతకాల ముండును?" అనిరి. ఆ కారట్ల నిబంధన తరువాత సడలెను. 1968లో దాని స్థానమున చట్టము వచ్చెను. ఆ చట్టము 1990లో రద్దయ్యెను. కాని ఆ పనివాని కుమారులలో నొకడును కుంపటి ముందు కూర్చుండలేదు. పోయినపని తిరిగివచ్చును, పోయిన చేతులు తిరిగి రావు. నేడు కురుపాం మార్కెటున అమ్ముడుపోవు నగలలో ఇచ్చట చేసినవెన్ని, పరప్రాంతములనుండి వచ్చినవెన్ని యని దుకాణదారులను మీరే యడిగి తెలిసికొనుడు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. అది మీ రెఱిగినదే. 1968లో తూర్పు నౌకాదళపు ప్రధానస్థాన మేర్పడెను. 1971లో ఉక్కుకర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. జగదాంబ సినిమాశాల వెలసి, దాని పేరే కూడలికి పేరయ్యెను. బజారు తల అచ్చటికి ప్రాకెను. 1978లో నగరాభివృద్ధి సంస్థ, 1979లో నగరపాలకసంస్థ యేర్పడెను. ఇసుకదిబ్బలపై కాలనీలు లేచెను. ద్వారకానగరమున బస్సుల సముదాయము వచ్చినపిదప పల్లెనుండి వచ్చు కొనుగోలుదారుడు అచ్చటనే దిగి, అచ్చటనే కొని, అచ్చటనే బస్సెక్కి పోవుచుండెను. పాతబజారునకు వచ్చుట కతనికి రెండవ ప్రయాణమయ్యెను.

ఇంతవఱకు తప్పు ఎవరిదియు గాదు. ఊరు పెరిగినచోట బజారు పెరుగును. ఇక మీదట చెప్పునది మన తప్పు, మా తప్పు.

1986లో మేము పాతనగరపు మేడ విడిచి ఎం.వి.పి. కాలనీలో ఇల్లు కట్టుకొంటిమి. కారణములు గట్టివే. పిల్లలకు మంచి బడులు అటువైపు వెలసెను. వీథిలో మురుగుకాలువ వానకాలమున పొంగి గడపలోనికి వచ్చుచుండెను. మా మాతృదేవి మెట్లెక్కలేకపోయెను. మా తరువాత ఎడమప్రక్కవారు పోయిరి, ఆ పిదప కుడిప్రక్కవారు. కొలది యేండ్లలో ఆ వరుసలో మేడమీద దీపము వెలుగు ఇల్లు ఒక్కటియు లేకపోయెను. మేడలన్నియు సరకు గదులయ్యెను. పగలు పదింటికి వచ్చి రాత్రి యెనిమిదింటికి పోవు వర్తకుడు వీథికి అతిథి వంటివాడు. కాలువ పొంగిన నేమి? దుర్వాసన రాత్రివేళ గదా! దీపము ఆరిన నేమి? మన మచ్చట లేము గదా! పూర్వము మ్యునిసిపాలిటీ సభ్యుని యింటి తలుపు తట్టినవారే ఇప్పుడు తట్టుట మానిరి. జనులు పోయినందున వీథి పాడయ్యెనని యందఱు ననుచున్నారు. జనులు పోలేదు. జాలరులు పోలేదు, హార్బరు కూలీలు పోలేదు, చిన్నపనివారు పోలేదు. పోయినది మనము. వారి మాట వినిపించుకొనువారు లేకపోగా, మాట వినిపింపగలిగిన మనము వేఱొకచోట నివసించుచున్నాము.

ద్వారకానగరమున మేము శాఖయు తెరచితిమి. అద్దపు తలుపులు, చల్లగాలి యంత్రము, రంగుకాగితపు పెట్టెలు అన్నియు నమర్చితిమి. మూడేండ్లకు మూసితిమి. అచ్చటికి వచ్చినవారు తూకము చూడలేదు, లోహము మ్రోగించి చూడలేదు, పెట్టె చూచిరి. మేము తూకము నేర్చినవారము, పెట్టె నేర్వలేదు. నేర్చుకొనవలసినదే. అప్పటికి మాకు ఏబది యేండ్లు సమీపించుచుండెను. ఇది సాకు మాత్రమే యని మా కుమారుడు చెప్పును. అతని మాట కొట్టివేయలేము.

ఇక నేటి సంగతి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను సరిగా ఈ నగరముపైననే తీరము దాటెను. మా వీథిలో రేకులన్నియు నెగిరిపోయెను. 2016 నవంబరున పెద్దనోట్ల రద్దు, 2017 జూలైన జి.యస్.టి., 2020 మార్చిలో కరోనా మూలమున దుకాణముల మూత, 2021 జూనునుండి బంగారు నగలపై హాల్‌మార్కు నిర్బంధము. ఏడేండ్లలో ఇన్ని మార్పులు వచ్చెను. హాల్‌మార్కును మేము మెచ్చుకొందుము. నూరేండ్లుగా "మా మాటయే ముద్ర" యన్న వర్తకులలో కొందఱి మాట ముద్ర కాదని కొనువా రెఱిగియే యుండిరి. నిజమైన మేలిమి అమ్మినవానికి ముద్రవలన నష్టము లేదు. జి.యస్.టి. మొదట మా గుమాస్తాకు నిద్రలేకుండ చేసినను, ఖాతాపుస్తకము గోనెసంచిలో కట్టుకొని పరుగెత్తిన తాతగారి మనుమలకు లెక్క వ్రాయుట భారము గారాదు. కరోనా నాడు మాత్రము మేము నిజముగా భయపడితిమి. ఆ దినములలో దుకాణపు చిట్టా విప్పి చూడగా, ఫోనుమీద మాటలాడి బాకీ తీర్చినవారిలో ఎక్కువమంది చిన్నయూళ్ళ చిల్లర వర్తకులే.

ఇంతకు, ఆ వీథి బ్రతికియున్నదా? ఉన్నది. ఉదయము పోయి చూడుడు. కురుపాం మార్కెటున బంగారము నేటికిని విశాఖమండలమంతకు ధర నిర్ణయించుకొను స్థలమే. పూర్ణా మార్కెటునకు తెల్లవారకముందే కూరగాయల బండ్లు దిగును. వలలు, త్రాళ్ళు అమ్ము దుకాణములు చేపలరేవు మూలమున నిలిచియున్నవి. పూజాద్రవ్యములు, పసుపు, కుంకుమ, పాత్రలు, టోకు కిరాణా, ఇవి యద్దాల మేడలలోనికి పోలేదు. పేరు చెక్కుటకు ఇప్పుడు విద్యుత్తు పెన్ను వచ్చినది. అరుగు మీది మనుష్యుడు మాత్రము మాఱలేదు, అతని కుమారుడే.

మఱియు మార్గశిర గురువారములు గలవు. బురుజుపేట కనకమహాలక్ష్మీ అమ్మవారిని గూర్చి ఈ సభకు చెప్పనక్కఱలేదు. ఆమెకు గోపురము లేదు, పైకప్పు లేదు. ఎండకు వానకు ఆకాశము క్రిందనే యుండును. రేయింబవళ్ళు దర్శనము కలదు. ఎవరైనను స్వయముగా తాకి పూజింపవచ్చును. 1912లో బావిలో విగ్రహము దొరకినదనియు, 1917లో రోడ్డు వెడల్పు చేయుటకై మ్యునిసిపాలిటీవారు ఆమెను ప్రక్కకు జరుపగా ఊరిలో మహమ్మారి వ్యాపించినదనియు, మరల యథాస్థానమున నుంచగా నది శాంతించినదనియు పెద్దలు చెప్పుకొందురు. నమ్ముట, నమ్మకపోవుట మీ యిష్టము. వర్తకుని కన్నుతో చూచిన మాకు తోచినది వేఱు. కచేరి కదలినది, కళాశాలలు కదలినవి, బస్సులు కదలినవి, మేమును కదలితిమి. ఆమె మాత్రము కదలలేదు. ఆమె కదలకుండుటచేతనే మార్గశిరమున లక్షలాదిజనము క్రొత్తనగరము దాటి, ఇఱుకుసందులలో నడచి, పాతబజారునకు వచ్చుచున్నారు. ఆ యొక్క నెల వ్యాపారము తక్కిన నెలల లోటును పూడ్చు దుకాణములు మా వీథిలో ననేకములు గలవు.

ఆ జనమునకు రాత్రి తల దాచుకొన చోటేది? ఇచ్చటనే మన సత్రపు ప్రసక్తి వచ్చుచున్నది.

మా బాల్యమున సత్రపు గుమ్మముపై మన కులమువారికి మాత్రమే ప్రవేశమని వ్రాసియుండెను. ఒక రాత్రి వానలో కింగ్ జార్జి ఆసుపత్రిలో రోగిని జేర్చి వచ్చిన కొరాపుట్టు ప్రాంతపు కుటుంబమును కాపలావాడు ఆ పలకను చూపి త్రిప్పి పంపుట మేము కన్నులార చూచితిమి. మా తండ్రిగారు వారిని మా దుకాణపు అరుగుపై పరుండబెట్టిరి. తెల్లవాఱి ఆయన సంఘసమావేశమున ఈ విషయమెత్తగా పెద్ద రగడ జరిగెను. ఆ పలక దిగుటకు ఇంకను చాల యేండ్లు పట్టెను. దిగినది. ఈనాడు సత్రమున దిగువారిలో అధికభాగము ఆసుపత్రికి రోగులతో వచ్చు శ్రీకాకుళ, విజయనగర, కొరాపుట్టు ప్రాంతములవారు, మార్గశిరమున అమ్మవారి భక్తులు, సరకు కొనవచ్చు చిన్నవర్తకులు. మన కులమువా రందులో తక్కువయే. "మనవారు దిగని సత్రము మనకేల?" అని తీర్మానకర్తలలో నొకరు మాతో ననిరి. మాకు అదే దానిని ఉంచుకొనుటకు కారణముగా దోచుచున్నది.

ఎదుటిపక్షమువారి వాదములో సత్యము లేకపోలేదు. సత్రపు గోడలకు ఉప్పు పట్టినది. కారు నిలుపుటకు చోటు లేదు. మరుగుదొడ్లు సిగ్గుపడదగిన స్థితిలో నున్నవి. ఈ మాట చెప్పుటకు మేమే సిగ్గుపడవలెను, పోషణసంఘమున మేమును ఆఱేండ్లుంటిమి. వివాహములకు మన పిల్లలు పాతనగరమునకు రారు. రమ్మనుటయు న్యాయము గాదు. క్రొత్తనగరమున కల్యాణమండపము కావలసినదే. దానికి మే మడ్డుపడము. మా శక్తికొలది చందా వేయుదుము. దాని కొఱకు దీని నమ్మవలెనా యనునదియే ప్రశ్న. మండపము మన పిల్లల పెండ్లిండ్లకు. సత్రము ఎవరి బిడ్డయో ఆసుపత్రి మంచముపై నున్న రాత్రికి. రెండవదానిని విక్రయించి మొదటిదానిని కొన్నచో పద్దు సరిపోవును గాని, తాతగారి ఖాతాపుస్తకమున నది యే కలమున వ్రాయబడునో మాకు తెలియుట లేదు.

మా సూచన యిది. సత్రపు వీథివైపు గదులను దుకాణములుగా అద్దె కియ్యవచ్చును. కురుపాం మార్కెటు చెంత అట్టి చోటునకు అద్దెదారులు దొరకకపోరు. ఆ యద్దెతో మొదట మరుగుదొడ్లు, పిదప నీరు, పిదప గోడలు బాగుచేయుదము. మేడమీద ఒక గదిలో కాపలావాడు గాక మన సభ్యులలో నొకరు వంతుచొప్పున నెలకొక్క రాత్రియైనను పరుండవలెను. ఈ మాటకు నవ్వు వచ్చునని యెఱుగుదుము. కాని రాత్రి యచ్చట పరుండినవానికే కాలువ పొంగినట్లు తెలియును. మొదటి వంతు మాది. వచ్చు సోమవారమే పోవుదుము. మా కుమారుడును వచ్చుట కొప్పుకొన్నాడు, దోమతెర కొని తెచ్చెదనన్న షరతుమీద.

సత్రపు బస పుస్తకములు రెండు ఈ వేదిక ప్రక్క బల్లపై నుంచినాము. దిగినవారి ఊరు, వచ్చిన పని, ఉన్న దినములు అందులో వ్రాసియున్నవి. కొందఱు వ్రాత రానివారు వ్రేలిముద్ర వేసిరి. భోజనపు పిలుపునకు ఇంకను అరగంట వ్యవధి కలదు. పుటలు త్రిప్పి చూడుడు. రేపు ఉదయము తీర్మానము చదివినప్పుడు మేము వ్యతిరేకముగా చేయి యెత్తుదుము.